కన్ను మూసిన ఊట

మెక్సికో దేశపటాన్ని ముందు పరచుకొని నడిమధ్యన వేలు పెడితే, ఆ వేలి కింద దాగిపోయేటంత చిన్న రాష్ట్రమొకటి ఉన్నది. రాష్ట్రానికీ దాని రాజధానికీ ఒకటే పేరు: ఆగ్వాస్‌కాలియెంతెస్. స్పానిష్ భాషలో ఆగ్వా అంటే నీరు, కాలియెంతె అంటే వేడి. రెండింటినీ బహువచనంలో కలిపి పలికితే ‘వేడినీళ్ళు’. పెద్ద నగరానికి ఇంత ఇంటిపట్టు పేరు ఉండడం వింతగా తోచవచ్చు. ఇంగ్లీషులోకి ఈ పేరును తెచ్చేవారికి ‘నీళ్ళు’ అనే బహువచనం దగ్గర కాస్త చిక్కు వస్తుంది. తెలుగువాడికి ఆ చిక్కు లేదు. పాలూ, నీళ్ళూ మనకు పుట్టుకతోనే బహువచనాలు. తలంటుకు వేడినీళ్ళు తోడమని అమ్మ కేక వేస్తే, ఆవిడ పలికినది ఈ నగరం పేరే.

అక్కడి పౌరులు తమకు పెట్టుకొన్న పేరు మరింత విచిత్రమైనది: ‘హిద్రోకాలిదోస్’. ముందు సగం గ్రీకు, వెనుక సగం లాటిన్. మన వైయాకరణులైతే దుష్టసమాసమని కొట్టివేసేవారు. ‘ఉష్ణజలులు’ అంటే మూలానికి దగ్గరగా ఉంటుంది కాబోలు. ఇక రాష్ట్రపు ధ్యేయవాక్యం లాటిన్‌లో ఉన్నది. మంచి నేల, మంచి జనం, తేట నీరు, తేట ఆకాశం అని దాని భావం. నేలతోనూ, జనంతోనూ, ఆకాశంతోనూ నాకు పేచీ లేదు. మూడవదాని కథ చెప్పడానికే ఈ నెల ఈ పుటలు.

మెక్సికో నగరం నుండి వాయవ్యంగా సుమారు 500 కిలోమీటర్లు బస్సులో ప్రయాణించి అక్కడికి చేరాను. సముద్రమట్టానికి దాదాపు 1,880 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి అది. గాలి పొడిగా, తేలికగా ఉంటుంది. ఏటా కురిసే వాన 500 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన అనంతపురం జిల్లా వానకు దరిదాపు. దారి పొడవునా నాగజెముడు పొదలు. వాటిని చూసి స్వదేశపు బీళ్ళు తలచుకొంటామే గాని, ఆ మొక్క పుట్టినిల్లు మెక్సికోయే. జామ కూడా ఆ ఖండం నుండి వచ్చినదే. ఈ రాష్ట్రంలోనే కాల్వియో అనే పట్నం చుట్టూ జామతోటలు విస్తారంగా ఉన్నాయి. బస్సు ఆగిన చోట ఒక ముదుసలి అమ్మిన జామకాయ నోట పెట్టగానే, ఇన్నివేల మైళ్ళు వచ్చింది దీనికోసమా అనిపించింది.

ఈ ఊరు నీళ్ళ కోసం పుట్టలేదు. వెండి కోసం పుట్టింది. 1546లో ఉత్తరాన సాకతేకాస్ కొండల్లో స్పెయిన్‌వారికి వెండి దొరికింది. ఆ వెండిని మెక్సికో నగరానికి తెచ్చే బళ్ళ బాట తరువాతి కాలంలో ఇంకా ఉత్తరానికి సాగి, నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని సాంతా ఫే వరకు, సుమారు 2,600 కిలోమీటర్ల రాజమార్గమైంది. 2010లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. అయితే ఆ బాట సాగిన నేల చిచిమెకాలది. చిచిమెకా అన్నది ఒక తెగ పేరు కాదు. దక్షిణాది నగరవాసులు ఉత్తరాన సంచరించే జాతులన్నింటికీ కలిపి తగిలించిన పేరు. తమ వేటభూముల మీదుగా పోయే వెండిబళ్ళను వారు దాదాపు నలభై ఏళ్ళపాటు అడ్డగించారు. బళ్ళకు మజిలీ కావాలి, కావలి కావాలి, ఎద్దులకు నీళ్ళు కావాలి. నీళ్ళున్న చోట 1575 అక్టోబరు 22న స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ పేరిట ఒక శాసనం ఇచ్చి, కొద్దిపాటి కుటుంబాలను అక్కడ దింపారు. శాసనంలోని పేరు చాలా పొడవు. స్వర్గారోహణ మాత పేరూ, వేడినీళ్ళ పేరూ అందులో కలిసి ఉన్నాయి. కాలక్రమాన మాత పేరు రాలిపోయి నీళ్ళు మిగిలాయి.

ఆ నీళ్ళు పుట్టిన చోటు నగరానికి తూర్పున ఉన్నది. దాని పేరు ఓహోకాలియెంతె. ‘ఓహో’ అంటే మన ఆశ్చర్యార్థకం కాదు. కన్ను అని అర్థం. స్పానిష్‌లో నీటి ఊటను ‘నీటి కన్ను’ అంటారు. అంటే ఇది ‘వేడి కన్ను’. అనువాదకునికి ఇటువంటి మాట దొరికితే పండుగే. ఎందుకంటే ఈ ఊహ ఒక్క స్పానిష్‌ది కాదు. అరబ్బీలో ‘ఐన్’ అంటే కన్నూ అవుతుంది, ఊటా అవుతుంది. పారశీకంలో కన్ను చష్మ్, ఊట చష్మా. ఆ చష్మాయే ఉర్దూలో ఊటగానూ, ముక్కుమీది కళ్ళజోడుగానూ స్థిరపడింది. పొరుగున తమిళులు ‘ఊట్రుక్కణ్’ అంటారు, ఊటకన్ను అని. మన బావులు తవ్వేవారు మాత్రం ‘జల పడింది’ అంటారు. ఎడారి మనిషికైనా, పీఠభూమి మనిషికైనా నేల తనవంక చూస్తున్నట్టు తోచేది నీరు ఉబికిన చోటనే కాబోలు.

వేడినీటి ఊట అనగానే కింద అగ్నిపర్వతం ఉన్నదనుకొంటాము. మెక్సికోలో అగ్నిపర్వతాలకు కొదవ లేకపోయినా ఈ నీటి వేడికి కారణం అది కాదు. ఈ లోయ నిజానికి రెండు భ్రంశాల మధ్య కుంగిన నేల. ఉత్తర దక్షిణాలుగా సాగే ఆ పగుళ్ళలో తూర్పుది నగరం కిందుగా పోతున్నది. కొండల మీద కురిసిన వాన బీటలవెంట లోతుకు దిగుతుంది. భూమిలో కిలోమీటరు దిగితే పాతిక ముప్ఫై డిగ్రీల వేడి పెరుగుతుంది. ఆ లోతున కాగిన నీరు భ్రంశపు పగులు దొరికినచోట మళ్ళీ పైకి ఎగదన్నుకొని వస్తుంది. ఈ దిగడానికీ ఎక్కడానికీ పట్టే కాలం సంవత్సరాలతో లెక్కించేది కాదు; తరాలతో లెక్కించవలసినది. బదరీనాథ్ తప్తకుండంలోనో, మణికర్ణ్‌లోనో, రాజగిర్‌లోనో మునిగినవారికి వేడినీటి మహత్తు వేరే చెప్పనక్కరలేదు. ఆ కుండాల పక్కన దేవాలయాలు వెలిస్తే, ఇక్కడ పంతొమ్మిదవ శతాబ్దంలో రాతి స్నానశాలలు వెలిశాయి.

అందులో ఒకటి ‘లోస్ ఆర్కితోస్’, చిన్న కమానులని అర్థం. 1990లో దానిని చారిత్రక కట్టడంగా ప్రకటించారు. ఇప్పుడది సాంస్కృతిక కేంద్రం. కమానుల నడుమ పాత తొట్లను భద్రంగా ఉంచారు. ఒకప్పుడు నిండా ఆవిరి లేచిన ఆ తొట్లను చుట్టూ తిరిగి చూశాను. చక్కగా చెక్కిన రాయి, నీటి చుక్క లేదు. పక్కగదిలో పిల్లలు చిత్రలేఖనం నేర్చుకొంటున్నారు. పాడుబడడం కంటే ఇది ఎంతో నయమని ఒప్పుకోవలసిందే.

1884లో రైలు వచ్చింది. దానితోపాటు ఉత్తర అమెరికా యాత్రికులు, వారితోపాటు కెమేరాలు వచ్చాయి. వారు రాసిన పుస్తకాలలోనూ, తీసిన ఛాయాచిత్రాలలోనూ స్నానశాలల కంటే ఎక్కువగా కనిపించేది ఒక కాలువ. డబ్బున్నవారు గదుల్లో స్నానం చేసి వదిలిన వెచ్చని నీరు కాలువలో పడి పట్నం వైపు పారేది. ఆ గట్టున ఆడవారు బట్టలు ఉతికేవారు, పిల్లలకు నీళ్ళు పోసేవారు, తామూ స్నానం చేసేవారు. ఆ తరువాత అదే నీరు పట్నపు పెరటితోటలకు పారేది. బాహాటంగా సాగే ఈ స్నానాలను చూసి పరదేశీయులు సిగ్గుపడ్డారు. పడుతూనే ఫోటోలు తీశారు. నా మట్టుకు నాకు ఆ నగరపు కట్టడాలన్నింటిలోకి గొప్పది, నేడు లేని ఆ మట్టికాలువే. ఒకే నీటితో ముగ్గురి పని తీర్చిన ఏర్పాటు అది.

నగరపు చరిత్రలో మరి రెండు ఘట్టాలున్నాయి. మొదటిది ముద్దు కథ. 1835 వరకు ఈ ప్రాంతం సాకతేకాస్ కింద ఉండేది. ఆ రాష్ట్రం తిరుగుబాటు చేయగా అణచడానికి వెళ్తూ జనరల్ సాంతా ఆనా ఈ ఊరిలో ఆగాడనీ, ఆతిథ్యమిచ్చిన ఇంటి ఇల్లాలు మరియా లూయిసా వియ్యా ఒక్క ముద్దుకు బదులుగా స్వరాష్ట్రం ఇమ్మని అడిగిందనీ చెబుతారు. రుజువు లేదు. కాని 1835 మే 23న రాష్ట్రం విడిపోయిన మాట నిజం. ఆమె భర్త కొత్త పాలకుడైన మాటా నిజం. సాకతేకాస్ మీద కసితో సాంతా ఆనా ఎలాగూ ఆ పనే చేసి ఉండేవాడని చరిత్రకారులంటారు. రాష్ట్రచిహ్నంలో మాత్రం ఒక జత పెదవులు నేటికీ ఉన్నాయి.

రెండవది 1914 నాటిది. నియంత పడిపోయాక విప్లవ సేనాపతులు ఒకరినొకరు నమ్మలేక, ఎవరి చేతిలోనూ లేని ఊరు కావాలని ఆగ్వాస్‌కాలియెంతెస్‌ను ఎంచుకొన్నారు. అక్టోబరు 10న మొరేలోస్ నాటకశాలలో సభ మొదలైంది. ప్రతినిధులు జాతీయ పతాకం మీద సంతకాలు చేసి మాట నిలబెట్టుకొంటామన్నారు. పాంచో వియ్యా వచ్చి తానూ సంతకం పెట్టాడు. సపాతా తరఫున వచ్చిన దియాస్ సోతో ఈ గామా మాత్రం ఆ పతాకం పాత దొరల గెలుపుకు గుర్తని, సంతకం చేయనని వేదిక మీదనే ప్రకటించాడు. సభలో పిస్తోళ్ళు పైకి లేచాయి. ఎవరూ కాల్చకపోవడం ఆ నాటకశాల అదృష్టం. సభ ఎన్నుకొన్న అధ్యక్షుణ్ణి కరాన్సా అంగీకరించలేదు. సేనాపతులు మళ్ళీ యుద్ధానికే పోయారు. అయినా ఆ పేరు నిలిచింది. ఎనభై ఏళ్ళ తరువాత, 1994లో దక్షిణాన చియాపాస్ అడవిలో తిరుగుబాటు చేసిన ఆదివాసులు తాము కట్టుకొన్న సభాస్థలికి ‘ఆగ్వాస్‌కాలియెంతెస్’ అని పేరు పెట్టారు. అక్కడ వేడినీళ్ళు లేవు. వారి మనసులో ఉన్నది ఆ నాటకశాల.

ఈ ఊరి బిడ్డలలో నేను వెతుక్కొంటూ వెళ్ళినది ఒకరి కోసం. హోసె గ్వాదలూపె పొసాదా 1852 ఫిబ్రవరి 2న సాన్ మార్కోస్ పేటలో ఒక రొట్టెలవాని ఇంట పుట్టాడు. స్థానిక ముద్రాపకుడు త్రినిదాద్ పెద్రోసా దగ్గర రాతి అచ్చు పని నేర్చి, 1871లో ‘ఎల్ హికోతె’, అంటే కందిరీగ వంటి పురుగు పేరు గల వ్యంగ్య పత్రికకు బొమ్మలు వేశాడు. తరువాత లెయోన్‌కూ, 1888 నాటి అక్కడి వరద తరువాత మెక్సికో నగరానికీ తరలిపోయి, వీథుల్లో కాసుకు అమ్మే కరపత్రాలకు జీవితాంతం బొమ్మలు చెక్కాడు. హత్యలు, ఉరితీతలు, అద్భుతాలు, తోకచుక్కలు, అన్నిటికీ మించి నవ్వే అస్థిపంజరాలు. వాటిని ‘కలవేరాలు’ అంటారు. ఈ మాటతో అనువాదకునికి తంటా. కలవేరా అంటే పుర్రె. నవంబరు మొదట్లో వచ్చే మృతుల పండుగనాడు బతికున్నవారి మీద, వారు పోయినట్టుగా రాసే ఎకసెక్కపు పద్యం కూడా కలవేరాయే. మనకు చాటువులున్నాయి, నిందాస్తుతులున్నాయి. ఎదుటివాడి చావును పండుగ కానుకగా ఇచ్చే ప్రక్రియ లేదు. నేనైతే ఆ మాటను అలాగే ఉంచుతాను.

ఆయన బొమ్మలలో జగత్ప్రసిద్ధమైనది ఈకల టోపీ పెట్టిన ఆడ అస్థిపంజరం. ఆయన ఆమె ఒంటి మీద టోపీ తప్ప మరేమీ వేయలేదు. తమ రక్తం దాచుకొని దొరసానులుగా నటించే సెనగలమ్మే పిల్లల మీది వెక్కిరింత అది. 1947లో దియెగో రివేరా తన కుడ్యచిత్రంలో ఆమెకు నిలువెత్తు గౌను తొడిగి, పక్కన పొసాదాను నిలబెట్టాడు. నాటి నుండి ఆమె ‘కత్రీనా’. పొసాదా ఆ వైభవం చూడలేదు. 1913 జనవరి 20న పోయినప్పుడు ఆయనకు దక్కినది బీదల గోతి. 1972లో స్వస్థలం ఆయనకు ఒక చిన్న మ్యూజియం కట్టింది. ఎల్ ఎన్సీనో పేటలో, నల్లని క్రీస్తు కొలువున్న గుడిని ఆనుకొని ఉన్నదది. అసలు రేకుల మీద ఉలి గీతలు దగ్గరగా చూస్తే, ఆయన చేయి ఎంత త్వరగా, ఎంత నిర్భయంగా కదిలిందో తెలుస్తుంది. ఈ ఊరిలోనే 2007లో మృత్యువు మీద ఒక జాతీయ మ్యూజియం కూడా తెరిచారు. పొసాదా ఊరికి అది తగినదే.

ఇక నీటి దగ్గరికి రావాలి.

ఇరవయ్యవ శతాబ్దంలో మోటారు పంపులు వచ్చాయి. ద్రాక్షతోటలకు, తరువాత పాడిపశువుల మేతకు, తరువాత కర్మాగారాలకు, పెరిగే నగరానికి ఆ లోయ కింది నీరే ఆధారమైంది. 1963లోనే కొత్త బావుల మీద నిషేధం వచ్చింది. నిషేధం కాగితం మీద ఉన్నది, బావులు పెరిగాయి. 1982 నుండి నిస్సాన్ కర్మాగారం వచ్చింది. 1985 భూకంపం తరువాత కేంద్ర ప్రభుత్వపు గణాంక సంస్థను రాజధాని నుండి ఇక్కడికి మార్చారు. 2020 జనగణననాటికి నగర మునిసిపాలిటీ జనాభా తొమ్మిదిన్నర లక్షలకు చేరువైంది. నీటిమట్టం వంద మీటర్లకు పైగా దిగిన చోట్లు ఉన్నాయి. ఊటకు నీటిని పైకి తోసే బలం కిందినుండి రావాలి. మట్టం పడిపోతే ఆ బలం ఉండదు. వేడి కన్ను మూతపడింది. ఏ ఒక్కనాడో కాదు. ఎవరూ చూడనంత నెమ్మదిగా.

నీటి సరఫరాను ప్రైవేటు వారికిస్తే బాగుపడుతుందని 1993లో గుత్తకిచ్చారు. మెక్సికోలో ఇటువంటి మొదటి ఒప్పందాలలో అది ఒకటి. గడువు 2023లో తీరింది. నీళ్ళ పని మళ్ళీ మునిసిపాలిటీ చేతికి వచ్చింది. యజమాని మారాడు గాని భూగర్భ జలాశయం మారలేదు. నిండేదాని కంటే తోడేది ఎక్కువ.

లోతు నుండి తోడిన నీటికి మరొక గుణమున్నది. ఎంతో కాలం వేడి రాళ్ళతో సహవాసం చేసిన నీటిలో ఫ్లోరైడు చేరుతుంది. ఈ లోయలో చాలా బావుల నీరు తాగునీటి ప్రమాణాన్ని మించింది. పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే మన నల్లగొండవారికి ఎవరూ వివరించనక్కరలేదు. నీటిలోని ఫ్లోరైడును పటికతో, సున్నంతో తీసే విధానానికి ప్రపంచమంతటా ఉన్న పేరే ‘నల్లగొండ పద్ధతి’. ఎక్కడి పీఠభూమి, ఎక్కడి పీఠభూమి!

ఓహోకాలియెంతె స్నానశాలకు వెళ్ళాను. తొట్టి ఉన్న గదిలో పంపు తిప్పితే నీళ్ళు వెచ్చగా, ఏ వాసనా లేకుండా వచ్చాయి. ఒంటి వేడికి కాస్త ఎక్కువ. ప్రయాణపు బడలిక పది నిమిషాల్లో తీరింది. తువ్వాలు అందించిన పెద్దాయనను, అయ్యా, ఊట ఏ వైపున ఉన్నదని అడిగాను. ఆయన చేత్తో చూపింది మోటారు గది. నీరు ఇప్పటికీ భూమి కాచినదే. పైకి తెచ్చేది మాత్రం కరెంటు. తన తాతగారి నాటి కాలువ మాట ఆయన కూడా వినికిడిగానే చెప్పాడు.

నీరు పోయిన ఖాళీ ఊరుకోదు. మట్టి పొరలు అణుగుతాయి. కింద రాతిపీఠం ఎత్తుపల్లాలుగా ఉండడంవల్ల ఒకచోట ఎక్కువగా, పక్కన తక్కువగా అణుగుతాయి. ఆ రెండింటి నడుమ నేల చీలుతుంది. 1980ల మొదటి నుండి ఈ చీలికలు నగరంలో కనిపిస్తున్నాయి. బాగా కుంగే చోట్ల నేల ఏటా పది సెంటీమీటర్ల వరకు దిగుతున్నదని ఉపగ్రహపు కొలతలు చెబుతున్నాయి. ఒక పేటలో వీథి మధ్యన తారు రెండు మెట్లుగా విడిపోయి ఉన్నది. ఎడమవైపు ఇళ్ళు నిటారుగా, కుడివైపు ఇళ్ళు కాస్త తలవంచి. గోడల బీటలకు సిమెంటు పూసి, సున్నం కొట్టి, ఆ సున్నం మళ్ళీ చీలిన గీత చిన్నపిల్లల కొక్కిరి రాతలా సాగిపోతుంది.

ఈ చీలికలన్నింటినీ వీథులతో సహా గుర్తించిన పటాన్ని రాష్ట్ర ప్రభుత్వం తయారు చేయించి ప్రజలకు అందుబాటులో ఉంచింది. మన ఊళ్ళలో ఇల్లు కొనబోయేవాడు దస్తావేజులు చూస్తాడు, వాస్తు చూస్తాడు. అక్కడ ఆ పటం చూస్తాడు. నేను చూసిన ప్రతిలో, నగరానికి తూర్పుగా, ఒక ఎర్రగీత ఓహోకాలియెంతె పేరును రాసుకొంటూ పోయింది.